ఆరు చుక్కల ఓనమాలు

చూపు లేని బిడ్డ ఉన్న ఇంటికి వచ్చినవారు సలహా ఇవ్వకుండా వెళ్ళరు. ఒకరు ఫలానా ఊళ్ళో కళ్ళలో పసరు పోస్తారంటారు. ఇంకొకరు ఫలానా దేవుడికి మొక్కుకోమంటారు. కాస్త చదువుకున్నవారైతే, "ఇప్పుడు ఫోన్లే అన్నీ చదివి వినిపిస్తున్నాయి కదండీ, ఇంకా ఆ చుక్కల పుస్తకాలు ఎందుకు?" అంటారు. మొదటి ఇద్దరికీ సమాధానం చెప్పడం తేలిక. ఈ మూడో వారికి చెప్పడమే కష్టం. ఎందుకంటే వారి మాటలో సగం నిజం ఉంది. ఆ మిగతా సగం గురించి ఈ వారం మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

మా పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. ఎండలోకి వచ్చిందో, నీడలోకి వచ్చిందో మాత్రం తెలుస్తుంది. ఏడాదిన్నరగా బ్రెయిలీ నేర్చుకుంటోంది. నేను డాక్టరును కాను, పంతులమ్మను కాను. ఒక చిన్న పట్టణంలో సంసారం చూసుకుంటున్న ఇల్లాలిని. మీ చుట్టాల ఇళ్ళలోనో, పక్క వాటాలోనో ఇటువంటి బిడ్డ ఉంటే, వారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ముందు కంటి డాక్టరు

చుక్కల సంగతికి వచ్చేముందు కంటి సంగతి చెప్పుకోవాలి. పసిబిడ్డ రెండు మూడు నెలలకల్లా తల్లి ముఖంలోకి చూసి నవ్వాలి. మూడు నెలలు నిండినా చూపు నిలపకపోయినా, కనుగుడ్లు నిలకడ లేకుండా అటూ ఇటూ కదులుతున్నా, నల్లగుడ్డు మధ్యలో తెల్లగా మెరిసినా, "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అనుకోకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. ఆ తెలుపు పుట్టుకతో వచ్చే శుక్లం కావచ్చు. త్వరగా ఆపరేషను చేస్తే చూపు దక్కే అవకాశం ఉంది. కంటిలో పుట్టే కాన్సరు కూడా కావచ్చు. అది ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే 30 రోజులు నిండేలోగా రెటీనా పరీక్ష జరగాలి. అటువంటి పిల్లల్లో కొందరికి రెటీనాలోని రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోతుంది. వేళకు కనిపెడితే లేజరు వంటి చికిత్సతో చాలామందికి చూపు నిలబెట్టవచ్చు. బిడ్డ బయటికి మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి, ఆస్పత్రివారు చెప్పకపోయినా మీరే అడగండి.

మా పాప సంగతి వేరు. రెటీనాలో వెలుతురును పట్టుకునే కణాలు పుట్టుకనుంచీ పనిచేయడం లేదని పరీక్షల్లో తేలింది. కళ్ళజోడు వల్లగాని, ఆపరేషను వల్లగాని లాభం లేదన్నారు. మాది మేనరికం. మా మామగారు నాకు సొంత మేనమామ. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలా జరుగుతుందని కాదు. కాని ఒకే కుటుంబంలో పుట్టినవారిలో ఒకే రకం జన్యులోపం బయటికి కనిపించకుండా దాగి ఉండవచ్చు. అది తల్లి నుంచీ, తండ్రి నుంచీ రెండువైపులా బిడ్డకు చేరితే జబ్బుగా బయటపడుతుంది. ఇందులో పూర్వజన్మ పాపమూ లేదు, గ్రహణం మొర్రీ లేదు, దిష్టీ లేదు. ఇంకొక బిడ్డ కావాలనుకునే దంపతులు ముందుగా జన్యు పరీక్షలు చేసే డాక్టరు సలహా తీసుకోవడం మంచిది.

ఇటువంటి జబ్బుల్లో ఆర్‌పీఈ65 అనే ఒక జన్యువు లోపం వల్ల వచ్చేదానికి 2017లో అమెరికాలో జన్యు చికిత్సను అనుమతించారు. మిగతా లోపాలకు అది పనిచేయదు. అందుచేత కాగితాలన్నీ భద్రపరచుకుని, డాక్టరు చెప్పిన గడువు ప్రకారం బిడ్డను చూపిస్తూ ఉండండి. కాని చికిత్స వచ్చాక చదివిద్దామని మాత్రం కూర్చోకండి. అక్షరాలకు దాటిపోయిన వయసు మళ్ళీ రాదు.

చదువుకు ముందు వేళ్ళు

బ్రెయిలీ అక్షరం వేలికొన కింద ఇమిడిపోయేంత చిన్నది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. ఆ తేడా పట్టుకోవాలంటే వేళ్ళు బడికి వెళ్ళకముందే తయారు కావాలి. అందుకు వంటింటిని మించిన చోటు లేదు.

మూడేళ్ళప్పుడు పాప ముందు రెండు గిన్నెలు పెట్టేదాన్ని. ఒకదానిలో శనగలు, ఇంకొకదానిలో పెసలు. కలిపి ఇచ్చి వేరు చేయమనేదాన్ని. తర్వాత కందిపప్పు, పెసరపప్పు. ఆ తర్వాత మెంతులు, ఆవాలు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి పాయలు విడదీయడం, చపాతీపిండి ఉండలు చేయడం, డబ్బా మూతలు తిప్పడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఇవన్నీ బ్రెయిలీకి ముందు పాఠాలే. ఒకటి గుర్తుంచుకోండి. చిన్న గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసైతే పక్కనే కూర్చోవాలి.

ఏదైనా పని నేర్పేటప్పుడు బిడ్డ చేయి పట్టుకుని లాగకండి. చూపు లేని పిల్లకు చేతులే కళ్ళు. ఎవరో కళ్ళు పట్టుకుని లాగితే మనం ఊరుకుంటామా? మీ చేతిని కింద ఉంచి, దానిమీద తన చేయి వేయనివ్వండి. మీ వేళ్ళు ఏం చేస్తున్నాయో తన వేళ్ళకు తెలుస్తుంది. తాకబోయేముందు "ఇది తడిగా ఉంటుంది", "ఇది గరుకుగా ఉంటుంది" అని చెప్పండి. ప్లాస్టిక్ ఆవుబొమ్మను చేతికిచ్చి ఇదే ఆవు అనడంకన్నా, ఎవరి ఇంట్లోనైనా దూడను నిమరనివ్వడం మేలు. ఆ పిల్ల రేపు పుస్తకంలో ఆవు అన్న మాట చదివినప్పుడు వేళ్ళకు వెచ్చటి చర్మం గుర్తు రావాలి.

కొందరు పిల్లలు పిడికిళ్ళతో, వేళ్ళతో కళ్ళు గట్టిగా నొక్కుకుంటారు. మా పాపా చేసేది. నొక్కితే లోపల మెరుపుల్లాంటివి తోస్తాయి కాబట్టి అలా చేస్తారని డాక్టరు చెప్పారు. ఏళ్ళ తరబడి నొక్కితే కళ్ళు లోతుకు పోతాయి. దీనికి కొట్టడం, తిట్టడం మందు కాదు. ఆ చేతులకు పని చెప్పండి. చేతిలో పని ఉన్నంతసేపూ మా పాప చేయి కంటి దగ్గరికి పోదు.

పీటమీద ఆరు గుంటలు

ఈ లిపి ఎలా పుట్టిందో క్లుప్తంగా చెబుతాను. లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులోని కూప్వ్రే అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ పిల్లవాడు తండ్రి ఆరెతో ఆడుకుంటుంటే అది కంటికి గుచ్చుకుంది. చీము పట్టి, రెండో కంటికీ పాకి, రెండూ పోయాయి. పారిస్‌లో అంధుల బడిలో చదువుతుండగా, షార్ల్ బార్బియే అనే సైనికాధికారి తయారుచేసిన 12 చుక్కల పద్ధతి అతని చేతికి వచ్చింది. అంత పొడుగు గుర్తు వేలికొన కింద ఒక్కసారిగా ఇమడదు. లూయీ దాన్ని ఆరు చుక్కలకు కుదించి, 1829లో, ఇరవయ్యో ఏట, పుస్తకంగా ప్రకటించాడు. తోలుకు చిల్లులు పొడిచే ఆరెవల్ల చూపు పోయిన పిల్లవాడు, కాగితాన్ని పొడిచి చదువు తెచ్చాడన్నమాట.

ఆరు చుక్కలు ఎలా ఉంటాయో తెలియాలంటే మీ ఇంట్లో వామనగుంటల పీట తీయండి. నిలువుగా పెడితే రెండు వరసలు కనిపిస్తాయి. పైనున్న మూడేసి గుంటలు చాలు. ఎడమ వరస పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరస 4, 5, 6. ఇదే బ్రెయిలీ గడి. చింతగింజ వేసిన గుంట చుక్క అన్నమాట, ఖాళీ గుంట చుక్క లేదన్నమాట. ఈ ఆరింటితో 63 గుర్తులు వస్తాయి. పీట లేనివారు గుడ్ల అట్టలో ఆరు గుంటలు కత్తిరించుకున్నా సరిపోతుంది. మా పాప మొదటి నెలంతా కాగితం ముట్టలేదు. చింతగింజలతోనే అక్షరాలు పేర్చింది.

మన భాషలకు ఉన్నది భారతీ బ్రెయిలీ. 1951 ప్రాంతంలో దేశమంతటికీ ఒకే పద్ధతిగా అమలులోకి వచ్చింది. ఇందులో అ అంటే 1వ చుక్క ఒక్కటే. క అంటే 1, 3. మ అంటే 1, 3, 4. ల అంటే 1, 2, 3.

మా మామగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈ లిపిలో గుణింతం ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. "గుణింతానికి వేరే గుర్తులు లేవు మామయ్యా. కి రాయాలంటే క పెట్టి, పక్కనే ఇ పెట్టడమే. కొమ్ములూ గుళ్ళూ ఏమీ లేవు," అన్నాను. ఒత్తు సంగతి అడిగారు. దానికీ కొత్త ఆకారం లేదు. 4వ చుక్క ఒక్కటే ముందు పెడితే, తర్వాత వచ్చే హల్లుకు అచ్చు లేదని అర్థం. అమ్మ అని రాయాలంటే అ, 4వ చుక్క, మ, మ. నాలుగు గడులు.

ఆయన కాసేపు వేళ్ళమీద లెక్క వేసుకుని, "నలభై ఏళ్ళు పిల్లల చేత గుణింతాలు దిద్దించాను. వీళ్ళెవరో గాని పంతుళ్ళకు సగం పని తగ్గించారే అమ్మాయ్!" అన్నారు. ఆ సాయంత్రమే తనకూ ఒక పలక తెప్పించమన్నారు.

ఇంకొక లాభం చెప్పాలి. ఈ పద్ధతిలో క, బ, ల, మ, ప, ర, స, న వంటి అక్షరాలకు ఇంగ్లీషు కె, బి, ఎల్, ఎమ్, పి, ఆర్, ఎస్, ఎన్‌లకు ఉన్న చుక్కలే ఉంటాయి. తెలుగు వచ్చిన పిల్లకు ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు వచ్చినట్టే.

రాసేందుకు పలక, పుల్ల ఉంటాయి. గళ్ళున్న రెండు పట్టీల మధ్య దళసరి కాగితం బిగించి, మొన ఉన్న పుల్లతో గుచ్చాలి. చుక్కలు అవతలివైపు పొంగుతాయి కాబట్టి కుడినుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి, ఎడమనుంచి కుడికి చదవాలి. మొదట్లో తికమకగానే ఉంటుంది. ఆరు మీటల పెర్కిన్స్ యంత్రమైతే రాసింది రాసినట్టే పైకి పొంగుతుంది. కాని ఖరీదెక్కువ, బరువూ ఎక్కువే. పలక సంచిలో పడుతుంది. లెక్కలకు చేతితో తడిమి పేర్చుకునే టేలర్ ఫ్రేము, పూసల అబాకస్ ఉన్నాయి.

చదివించేటప్పుడు చేతులు కడిగి, తడి లేకుండా తుడవండి. గోళ్ళు కత్తిరించండి. రెండు చూపుడువేళ్ళూ తేలికగా, ఎడమనుంచి కుడికి జారాలి. చుక్కలను గట్టిగా రుద్దినా, పైకీ కిందికీ గీకినా అక్షరం ఆకారం తెలియదు. ఒక్కో విడత పదిహేను నిమిషాలు మించవద్దు. వేళ్ళు అలిసిపోతే అన్ని అక్షరాలూ ఒకేలా తోస్తాయి.

ఫోను చాలదా?

ఫోను వద్దనడం లేదు. మా పాప రోజూ దానిలో కథలు వింటుంది. పెద్దయ్యాక చదువుకూ, ఉద్యోగానికీ మాట్లాడే ఫోను, కంప్యూటరు తప్పనిసరి. కాని వినడం వేరు, చదవడం వేరు.

మామూలు పిల్లవాడితో, "నీకు అక్షరాలు అక్కరలేదు, రేడియో కొనిపెడతాం" అని ఎవరైనా అంటారా? చూపు లేని పిల్లతో అంటున్నాం. విన్నంత మాత్రాన మాటలో ఏ అక్షరం ఉందో తెలియదు. శాంతిలో ఉన్నది ఏ శ? కథలో ఉన్నది థ నా, ధ నా? కళకూ కలకూ తేడా ఏమిటి? పలికేవారు తేడా లేకుండా పలికితే వినేవారికి ఎలా తెలుస్తుంది? పదేళ్ళు వింటూ చదివిన పిల్ల కూడా తన పేరు సరిగా రాయలేకపోవచ్చు. లెక్క చేసేటప్పుడు పై మెట్టుకు వెనక్కు వెళ్ళి చూసుకోవాలన్నా, పద్యంలో ఒక పాదాన్ని పట్టుకుని నిదానంగా ఆలోచించుకోవాలన్నా, అది వేలి కింద నిలిచి ఉండాలి. ధ్వని నిలవదు.

వైద్యశాస్త్రమూ దీన్ని బలపరుస్తోంది. చిన్నతనంలోనే చూపు పోయినవారు బ్రెయిలీ చదివేటప్పుడు, మెదడు వెనుకభాగంలో చూపుకోసం ఏర్పడిన ప్రాంతం పనిచేస్తుందని 1996లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. 2000లో మరొక ఉదంతం వెలువడింది. పుట్టుకనుంచీ చూపు లేని ఒక స్త్రీ బ్రెయిలీ బాగా చదివేది. మెదడులో ఆ భాగానికి రెండువైపులా దెబ్బ తగిలాక వేళ్ళకు స్పర్శ తెలుస్తూనే ఉన్నా చదవలేకపోయింది. అంటే కంటికి పని లేకపోయినా మెదడులోని ఆ భాగం ఊరికే కూర్చోదు. వేళ్ళు చదువుతుంటే అది వాటికి తోడు వస్తుంది. ఆ అలవాటు పసితనంలో పడితేనే బాగా పడుతుంది.

ఇంట్లో ఇంకొకరు

ఇక అసలు సంగతికి వస్తాను. అక్షరాలు మొదలుపెట్టిన మూడో నెలలో మా పాప మొండికేసింది. పలక తీస్తే చాలు, "నాకొద్దు, ఇది బళ్ళో పని" అనేది. మేము బుజ్జగించాం, లడ్డూలు ఆశపెట్టాం. లాభం లేకపోయింది. ఒకరోజు మా అత్తగారు దగ్గర కూర్చోబెట్టుకుని, "ఎందుకు తల్లీ అంత కోపం?" అని అడిగింది. "నాయనమ్మా, ఇది ఎవరూ చదవరు. నేనొక్కదాన్నే చదవాలి," అంది పాప.

ఆ మాటను మీరూ ఆలోచించండి. చూపున్న పిల్లకు పుట్టినప్పటినుంచీ చుట్టూ అక్షరాలే. బస్సుమీద, బిస్కట్ పాకెట్‌మీద, గోడమీద, నాన్న చదివే పేపర్లో. అక్షరాలంటే పెద్దవాళ్ళు వాడుకునేవని ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. చూపు లేని పిల్లకు చుక్కలు పుస్తకంలో తప్ప ఎక్కడా తగలవు. ఇంట్లో ఎవరికీ రావు. ఎవరికీ రాని భాషను నేర్చుకోమని ఆరేళ్ళ పిల్లను కూర్చోబెడితే దానికి ఎవరితో మాట్లాడుతుంది?

అప్పటినుంచి ఇంట్లో పద్ధతి మారింది. మామగారికి పలక అప్పటికే వచ్చింది. నేనూ, మావారూ కూడా మొదలుపెట్టాం. మీరు భయపడవలసినదేమీ లేదు. మనం వేళ్ళతో చదవనక్కరలేదు. చుక్కలు మనకు కళ్ళకు కనబడతాయి. రోజుకు అయిదు అక్షరాల చొప్పున నేర్చుకుంటే రెండు వారాలలోపే అక్షరమాల పూర్తవుతుంది. నిదానంగా చదవడానికి ఇంకొక రెండు వారాలు. డెబ్బై దాటిన మామగారికి నెల పట్టింది.

తర్వాత ఇంట్లో అక్షరాలు అతికించాం. ఉప్పు డబ్బాకు ఉప్పు, పంచదార డబ్బాకు పంచదార. పాప బీరువా అరకు పాప పేరు. పేకముక్కల మూలన చుక్కలు గుచ్చితే, తాతామనవరాళ్ళు పేకాట కూడా మొదలుపెట్టారు. మామగారు రోజూ పొద్దున్న ఒక చిన్న చీటీ రాసి పాప కంచం కింద పెట్టేవారు. మొదటి చీటీలో రెండే మాటలు: పాల మీగడ. అది చదివినవారికే మీగడ. పాప ఆ చీటీని పది నిమిషాలు తడిమింది. "తాతయ్యా, మీగడ ఎక్కడ?" అంది. ఆ తర్వాత ఇది బళ్ళో పని అన్న మాట మా ఇంట్లో వినబడలేదు.

ఇప్పుడు పాపే చీటీలు రాస్తోంది. తప్పులుంటాయి. ఒత్తు దగ్గర 4వ చుక్క మరిచిపోతుంది. మొన్న మావారి చొక్కా జేబులో ఒకటి దొరికింది: నానన రబబరు బంతి తే. నాన్న, రబ్బరు అనాలి. మావారు ఆఫీసులో విప్పి చదువుకుని, సాయంత్రం బంతి తెచ్చి, 4వ చుక్కలు సరిచేసి చీటీ తిరిగి ఇచ్చారు. ఆయన ఇంటికి వచ్చేదాకా ఆ చీటీలో ఏముందో నాకు తెలియదు. ఆరేళ్ళ పిల్లకు తండ్రితో తనదైన రహస్యం ఒకటి ఉండడం ఎంత గొప్పో చూశారా? ఫోను ఆ పని చేయలేదు. అది పైకి చదివేస్తుంది.

బడి మాట

బడి విషయంలో మాకు తేలిక కాలేదు. మా ఊళ్ళో ఒక ప్రైవేటు బడివారు, "మా దగ్గర ఇటువంటి పిల్లలకు వసతి లేదమ్మా, ఫోను ఇచ్చి ఇంట్లోనే చెప్పించుకోండి" అని పంపేశారు. నిజానికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు, తల్లిదండ్రులు కోరుకున్నట్టు దగ్గరలోని బడిలోగాని, ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. పుస్తకాలు, పరికరాలు ఉచితంగా అందాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఇందుకు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు కావాలి. ఆలస్యం చేయకుండా తీసుకోండి.

ప్రత్యేక పాఠశాలల్లో హాస్టళ్ళు ఉంటాయి. హైదరాబాదులో బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాల అటువంటిది. అక్కడ తోటిపిల్లలందరూ చుక్కలే చదువుతారు, నేర్పేవారికి అనుభవం ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు. కాని ఆరేళ్ళ పిల్లను దూరం పంపాలి. దగ్గరి బడిలో అయితే పిల్ల ఇంట్లో ఉంటుంది, ఊరి పిల్లలతో ఆడుకుంటుంది. కాని బ్రెయిలీ వచ్చిన టీచరు రోజూ దొరకకపోవచ్చు. మా అత్తగారు, "పసిగుడ్డును హాస్టల్లో పెడతారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మావారు, "ఇక్కడ ఉంచి చదువు రాకపోతే ఎవరిది బాధ్యతమ్మా?" అన్నారు. ఇద్దరి మాటా కొట్టివేయదగింది కాదు.

మేము ప్రస్తుతానికి మా వీధి ప్రభుత్వ బడిలో చేర్చాం. మండలంలోని భవిత కేంద్రం నుంచి ప్రత్యేక టీచరు వారానికి రెండుసార్లు వస్తారు. మిగతా రోజుల లోటు ఇంట్లోవారికి చుక్కలు రావడం వల్లనే తీరుతోంది. అది లేకపోతే ఈ ఏర్పాటు నిలబడేది కాదు. మూడో తరగతికి వచ్చాక మళ్ళీ ఆలోచిస్తాం. అప్పుడు హాస్టలే మంచిదని తేలితే పంపుతాం. మీ ఇంట్లో చుక్కలు నేర్చుకునే తీరిక ఎవరికీ లేకపోతే, మొదటినుంచే మంచి ప్రత్యేక పాఠశాలకు పంపడం బిడ్డపట్ల నిర్దయ కాదు. ఇది ప్రేమకు పరీక్ష కాదు. అక్షరం ఎక్కడ అందుతుందన్నదే చూసుకోవాలి.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి మీకు తెలిసే ఉంటుంది. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వమంటే కోర్టుకు వెళ్ళి సాధించుకున్నారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి 2012లో పరిశ్రమ పెట్టారు. 2024లో ఆయనమీద హిందీ సినిమా కూడా వచ్చింది. ప్రతి బిడ్డా అంతటివారు కావాలని నేను అనడం లేదు. తన జీతం కాగితం తాను చదువుకుని సంతకం చేయగలిగితే నాకు చాలు. దానికీ అక్షరాలు కావాలి.

ఎక్కడ అడగాలి, ఎలా మొదలుపెట్టాలి

డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి వైకల్య సాధికారత సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో చూపు రానివారికి తర్ఫీదు ఇచ్చే పునరావాస విభాగం ఉంది. పలక, పుల్ల, అక్షరాల పట్టిక, కేంద్ర ప్రభుత్వ పథకాల కింద వచ్చే సహాయ పరికరాల గురించి ఇటువంటి చోట్ల, లేదా మీ మండలంలోని భవిత కేంద్రంలో అడగండి. బడి తెరిచేదాకా ఆగకుండా, బ్రెయిలీ పాఠ్యపుస్తకాలు కావాలని వేసవిలోనే బడివారికి రాసి ఇవ్వండి.

బిడ్డ ఇంకా మూడు నాలుగేళ్ళదైతే పప్పులు, గింజలు, గుండీలతో మొదలుపెట్టండి. అయిదేళ్ళదైతే వామనగుంటల పీట తీయండి. ఈలోగా ఇంట్లో ఎవరు నేర్చుకోవాలో తేల్చుకోండి. తల్లే కానక్కరలేదు. తాతగారు కావచ్చు, అక్క కావచ్చు, సాయంత్రాలు ఖాళీగా ఉండే పిన్ని కావచ్చు. ఇద్దరైతే మరీ మంచిది. నేర్చుకున్నవారు రోజుకు ఒక్క చీటీ రాయండి. పాఠం రాయకండి, కబురు రాయండి. ఈరోజు ఏం కూర చేశారో, ఊరినుంచి ఎవరు వస్తున్నారో అందులో ఉండాలి. చదివితేనే తెలిసే కబురు ఉంటే పిల్ల తానే చదువుతుంది.

ఈ ఆదివారం కూర్చోండి. మొదటి అక్షరం అ. దానికి ఒక్క చుక్క చాలు.